అచ్చు నేర్పిన అక్షరాలు

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, పెడనలో నా కూతురూ అల్లుడూ పొద్దస్తమానం గుడ్డల మీద చెక్క అచ్చులు అద్దేవారు. పక్కనే కూర్చునే మనవరాలు, కొట్టు పేరు చెక్కిన అచ్చు చూసి అక్షరాలు నేర్చుకుంది. అచ్చు మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి కదా, పలక మీదా అలాగే రాసింది. బళ్లో పంతులుగారు బెత్తంతో చేతి మీద కొట్టి, బుర్ర లేదని పంపేశారు.

"ఇంక బడెందుకమ్మా, అద్దకంలో పెట్టేద్దాం," అంది కూతురు.

"మీరు చెప్పకపోతే దానికి అచ్చే పంతులైంది. చేతులకు తీరిక లేదు సరే, నోటికేం వచ్చిందే?" అన్నాను.

రెండో తరగతితో ఆగిన నాకు ఒత్తులు సరిగా రావు. బెల్లం కట్టిన పాత వార్తాపత్రిక కాగితం సాపుచేసి అద్దకం బల్ల మీద పరిచాను. అల్లుడు అద్దుతూనే ఒక్కో మాటా చదివాడు. పిల్ల వేలు పెట్టి పలికింది, తప్పిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి దాచుకుంటూ.