కోతపండుగ వేలంలో నా బంతి

మొన్న కాకినాడలో ఎముకల డాక్టరుగారు నా మోకాళ్ళ ఎక్స్‌రేను వెలుతురుకెత్తి చూసి, బరువులు మోసే పనేమైనా చేసేవారా అమ్మా అని అడిగాడు. కుర్రవాడు, నా మేనల్లుడి వయసుంటుంది. లేదు బాబూ, ఎగరడమే నా ఉద్యోగం అన్నాను. అతనికేమీ అర్థం కాలేదు గాని, పక్కనున్న నర్సమ్మ నా ఎత్తు చూసి నవ్వింది. రాజమండ్రి తిరిగి వస్తూ, ఆ ఎగరడం నన్ను ఏయే దేశాలకు తీసుకువెళ్ళిందో తలచుకుంటూ ఉండగానే సామర్లకోట దాటిపోయింది. ఈ కాలపు పిల్లలకు చెబితే కల్పించి చెబుతున్నానంటారు గనుక, నా ఈడువాళ్ళైన మీతో చెప్పుకుంటున్నాను.

ఆ సామర్లకోట దగ్గరి ఊరే మాది. నాన్న మిషను బడిలో ఉపాధ్యాయులు, ఆదివారాలు సండే స్కూలు చెప్పేవారు. నేను హైస్కూలుకు వచ్చేసరికే నాన్నను మించి ఎదిగాను. బైబిల్లో సౌలు రాజు నిలబడితే భుజాల నుంచి పైకి జనమందరికంటే ఎత్తుగా కనిపించేవాడని చదువుకున్న పిల్లలు ఊరుకుంటారా, నేను గుడి మెట్లెక్కుతుంటే "సౌలు రాజుగారొచ్చారు, లెగండ్రోయ్" అంటూ లేచి నిలబడేవాళ్ళు. ఏడుస్తూ ఇంటికి వస్తే, సౌలునైనా దావీదునైనా ఏర్పరచుకున్నది దేవుడే కదా అని అమ్మ తల దువ్వేది.

కాకినాడ హాస్టలు బడిలో మిషను దొరసానులు బాస్కెట్‌బాల్ ఆటకని ఎప్పుడో పాతించిన రెండు ఇనపస్తంభాలూ, వాటికి తుప్పు పట్టిన రింగులూ ఉండేవి. డ్రిల్లు టీచరుగారు నన్ను తీసుకుపోయి రింగు కింద నిలబెట్టి, ఎవరు విసిరినా సరే, తప్పిపోయిన బంతి నీది అన్నారు. మిగతావాళ్ళు గురి నేర్చుకున్నారు, నేను తప్పిపోయిన దాన్ని అందుకోవడం నేర్చుకున్నాను. నా జీవితమంతా ఆ పనే నాకు అన్నం పెట్టింది. దానివల్లే రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, దానివల్లే దేశంలో పెద్ద పోటీలన్నీ ఆడాను. తొంభైల చివర ఒక పోటీలో నన్ను చూసిన మలేషియా పెద్దమనిషి ఒకాయన, పినాంగులో తమ క్లబ్బుకు ఒక సీజను ఆడమని పిలిచారు. ఆఫీసులో సెలవు ఇచ్చారు, వెళ్ళాను.

ఆ క్లబ్బులో అందరూ చైనావాళ్ళే. కోచ్‌గారు అరిచే అరుపుల్లో నాకు తెలిసింది ఆయన చూపే వేళ్ళు మాత్రమే. ఒంటరితనం అంతా ఇంతా కాదు. ఆటలు ఆదివారం సాయంత్రాలు ఉండేవి గనుక పొద్దున్నే గుడి వెతుక్కుంటూ వెళ్ళేదాన్ని. ఒక అరవ సంఘం దొరికింది. పాటల రాగాలు చాలావరకు మనవే. వాళ్ళు అరవంలో, నేను తెలుగులో పాడేవాళ్ళం, ఎవరూ తప్పు పట్టలేదు. ఐగుప్తులో యోసేపుకు తోడున్న దేవుడు నన్నక్కడ మరచిపోలేదు. ఆ ఏడు మా జట్టు గెలిచింది. చివరి ఆట ఆడిన బంతి మీద జట్టు పిల్లలందరూ చైనా అక్షరాల్లో పేర్లు రాసి నాకు ఇచ్చారు.

నేను ఇల్లు చేరేసరికి నా ఫోటో పేపర్లో పడి, నాకంటే ముందే ఊరు చేరింది. లాగు వేసుకుని, చేతులు పైకెత్తి గాలిలో ఉన్నాను. మా మేనత్త ఆ ఫోటో చూసి ఏడ్చిందనీ, నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుందనీ అమ్మ చెప్పింది.

అప్పుడే కోతపండుగ వచ్చింది. నూర్పులయ్యాక ప్రతి ఇల్లూ తన కష్టంలో ప్రథమ ఫలం గుడికి తేవాలి. రైతు ధాన్యం, కూలివాళ్ళు కోడినో గుమ్మడికాయనో, దర్జీ ఒక జాకెట్టు కుట్టి తెచ్చేవారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఇచ్చిన ఇంటివాళ్ళు తమ వస్తువుకు తాము పాడకూడదు. పాడుకున్నవాళ్ళు చాలాసార్లు దాన్ని మళ్ళీ దేవునికే ఇచ్చేస్తారు, మళ్ళీ వేలం వేస్తారు. ఎవరూ పాడకపోతే తిరిగి ఇంటివాళ్ళ చేతికే ఇవ్వాలి. అలా ఇవ్వడం నేనెన్నడూ చూడలేదు. నీ కష్టం బంతే కదా, బంతే తీసుకురా అంది అమ్మ.

పినాంగువాళ్ళు మళ్ళీ రమ్మన్నారు, జవాబు చెప్పాలి. గిద్యోను గొర్రెబొచ్చు పరచి దేవుని చిత్తం అడిగినట్టు నేను ఆ బంతిని పెట్టి అడిగాను. సంఘం అందుకుంటే వెళతాను, తిరిగి ఇస్తే ఆట మానేసి ఆఫీసులో కూర్చుంటాను అని నాన్నతో చెప్పాను. గిద్యోను రెండుసార్లు అడిగాడమ్మా, నువ్వు ఒక్కసారే అడుగుతున్నావు, చూసుకో అన్నారు నాన్న.

వేలం వేసేది సంఘపెద్ద, వరసకు నాకు పెదనాన్న. ఆయన బంతిని అటూఇటూ తిప్పి చూశారు.

"ఈ గీతలేంటమ్మా? ఏ దేవుళ్ళ పేర్లివి?"

"మా జట్టు పిల్లల పేర్లండి, పెదనాన్నగారూ."

ఆయన బంతిని మెల్లగా బల్లమీద పెట్టేశారు. ఆడపిల్ల మగవేషం వేసి, మోకాళ్ళు కనపడేలా పదిమందిలో ఎగిరి తెచ్చింది ప్రథమ ఫలం అవునో కాదో మీరే ఆలోచించుకోండి, నేనైతే పాట మొదలుపెట్టను అన్నారు. కోపంగా అనలేదు. ధర్మశాస్త్రం ఎరిగిన మనిషి, నమ్మిందే అన్నారు. నాన్న తల దించుకున్నారు. ఇక నా ఆట అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా మేనత్త లేచింది.

"పాట ఆపేవేంటన్నయ్యా? ఇందాక పుచ్చిపోయిన గుమ్మడికాయకి గొంతు చించుకున్నావుగా!"

"బంతి నీకెందుకే? ఏం చేసుకుంటావు?"

"దిండు కింద పెట్టుకుంటాను, నీకెందుకు? నా కోడిపెట్ట ఖరీదు పాడుతున్నాను. రాసుకోండి అయ్యగారూ."

"లాగు వేసుకుందని ఏడ్చింది నువ్వేగా?"

"ఇప్పుడూ ఏడుస్తాను. లాగు తప్పే. తప్పయితే పిల్లని గుమ్మం అవతల పెట్టేస్తావా ఏంటి?"

ఎవరో నవ్వారు. లెక్క రాస్తున్న పాస్టరుగారే లేచి వేలంపాట అందుకున్నారు. అత్త పాడుకుని, బంతిని మళ్ళీ దేవునికే ఇచ్చేసింది. తర్వాత దర్జీ పాడాడు, అతనూ తిరిగి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం బంతి సంఘమంతా చేతులు మారింది. ఒకసారి జారి దొర్లుకుంటూ పోయి పెదనాన్నగారి పాదానికి తగిలింది. అర్పణకు కాలు తగిలిందని ఆయన గబుక్కున దాన్ని ఎత్తి కళ్ళకద్దుకోబోయి, అది మన ఆచారం కాదని గుర్తొచ్చి ఆగి, కండువాతో తుడిచి బల్లమీద పెట్టారు.

నేను మళ్ళీ వెళ్ళాను. పినాంగు తర్వాత బ్యాంకాకు దగ్గర ఒక మిల్లు జట్టుకూ, ఇండోనేషియాలో సురబాయ క్లబ్బుకూ, చివరగా మాల్దీవుల్లో ఒక క్లబ్బుకూ ఆడాను. ఆడి ఆడి అలసిపోయి, మళ్ళీ నా గుమాస్తా కుర్చీలోకే వచ్చి రిటైరయ్యాను. ప్రతి ప్రయాణానికి ముందు సంఘం నన్ను ముందుకు పిలిచి చేతులుంచి ప్రార్థించేది, ప్రార్థించేది పెదనాన్నగారే. నా పేరు పెట్టి, ఈ బిడ్డ కాళ్ళు తొట్రిల్లకుండా కాపాడు ప్రభువా, బట్టల విషయంలో దీని మనసు మార్చు ప్రభువా అని రెండు మనవులూ కలిపే చేసేవారు. ఆయన కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా రెండో మనవి మానలేదు, మొదటిదీ మానలేదు.

పోయిన నెల మా రాజమండ్రి సంఘంలో ఒక అమ్మాయి వేరే దేశంలో ఆటకు వెళుతోందని గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఫోటోలో లాగుతోనే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం మంచిదే, నేను కోరుకున్నదీ అదే. అందరూ చప్పట్లు కొట్టారు, రెండో ఆరాధనకు వేళవుతోందని కార్యక్రమం ముందుకు సాగిపోయింది. బయట ఆ పిల్లను ఆపి పేరు అడిగాను. చెప్పి, నవ్వి, ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చి, ఆ పేరు పెట్టి, దాని కాళ్ళు తొట్రిల్లకుండా కాపాడు ప్రభువా అని అడిగాను. తర్వాత ఇంకొకటి ఏదో అడగవలసి ఉన్నట్టు కాసేపు కళ్ళు మూసుకునే ఉండిపోయాను. ఏమీ తోచలేదు. ఆమేన్ అని లేచాను.