మా సారూ, ఆయన గవర్నరూ

మా కాలేజీ చరిత్ర సారు పోయారని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కాంటా దగ్గర తెలిసింది. చెప్పినవాడు బస్తా ఎత్తుకుని పోయాడు. నేనూ తూకం ఆపలేదు. సీజన్‌లో ఆపితే రైతులు ఊరుకోరు.

వరంగల్‌లో చరిత్ర చదివినవాళ్లంతా కోట చుట్టూ తిరుగుతుంటే, సారు మాత్రం అప్పటికే నూరేళ్ల కిందటి అమెరికా గవర్నరు ఒకాయన మీద పరిశోధన పెట్టుకున్నారు. ఇంకా రాష్ట్రం కాని ప్రాంతాన్ని ఏలమని రాజధాని నుంచి పంపిన మనిషి. "కాకతీయులకు మస్తు మంది ఉన్నరు బిడ్డా. పాపం, ఈయనకు ఎవ్వలున్నరు?" అనేవారు. ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి ఆ గవర్నరు గుర్రమెక్కి వచ్చేవాడు. మేం నవ్వుకునేవాళ్లం.

ఆ గవర్నరు అక్కడి తెగల పెద్దలకు 'ఈ లోయ మీదే' అని మాటిచ్చాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు, తెగలను వెళ్లగొట్టారు. పైవాళ్లు అలా చేస్తారని ఆయనకు తెలియదని సారు వాదన.

ఎనభైల మొదట్లో హాస్టల్ తిండి బాగులేదని మేం నిరాహార దీక్షకు కూర్చున్నాం. ప్రిన్సిపాల్ సెలవు పెట్టి జారుకున్నారు. ఇన్‌చార్జి బరువు సారు నెత్తిన పడింది. ఆయనే నిమ్మరసం తెచ్చి నా చేతికిచ్చి, "తాగుర్రి. ఎవ్వల మీద యాక్షన్ ఉండది. నాది మాట" అన్నారు. తాగాం. కొన్నాళ్లకే పైనుంచి ఆర్డరొచ్చింది. కాలేజీ నుంచి తీసేసినవాళ్లలో నేనొకణ్ణి. కింద సంతకం సారుదే. మా నాయన మగ్గం మీంచి లేవకుండానే, "అయిపాయె. ఇగ కండెలు సుట్టు" అన్నాడు.

మగ్గం నాకు అబ్బలేదు. కాంటా దగ్గర కుదిరాను. మార్కెట్ బందున్న రోజుల్లో సారు వచ్చి, ముక్కుకు దస్తీ కట్టుకుని, బస్తాల మీద కూర్చుని పాఠాలు చెప్పేవారు. ప్రైవేటుగా బీఏ గట్టెక్కించారు. నౌకరీ మాత్రం దొరకలేదు. ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది. మిగిలింది అలసటే, ఇద్దరికీ.

పరిశోధన పూర్తి కాలేదు. చివరి అధ్యాయం రాసేవారు, చింపేవారు.

పోయిన నెల దవాఖానలో, "గవర్నరు ముచ్చట అయిందా సార్?" అని అడిగాను.

"ఇన్నేండ్లు తప్పు రాసిన బిడ్డా, ఆయనకు తెల్వదని. తెలుసు. మాటిచ్చేటప్పుడే తెలుసు, అది నిలవదని." దగ్గు తెర తగ్గాక, మెల్లగా అన్నారు. "పిల్లలు ఆకలితోటి సచ్చిపోతరని భయపడ్డడు. గంతే."

గవర్నరు ముందు ఆకలితో కూర్చున్న పిల్లలెవరూ లేరు. సారు నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకోబోయారు.

"మిర్చి చెయ్యి సార్, మండుతది" అన్నాను.

వినలేదు.