థ్రెల్‌కెల్డ్ పేరు వెంట పైన్ చెట్ల ఊరికి

ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ కేరల్ గారి పుట్టింటి పేరు థ్రెల్‌కెల్డ్. అది ఇంగ్లండ్ ఉత్తరాన కొండల్లో ఉన్న ఓ పల్లె పేరు. పాతకాలపు భాషలో దాసుల ఊట అని అర్థమట. ఊరిపేరే ఇంటిపేరు కావడం మనకేం కొత్త కాదు కాబట్టి, ఆరు నెలలు ఉండడానికి వచ్చిన మా అమ్మకి ఇది విన్న రోజే కేరల్ గారు చుట్టమైపోయారు. కిందటేడు ఆమె తమ్ముడు పోయాడు, పిల్లల్లేరు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు వాళ్ల కుటుంబంలో ఇక ఎవరూ లేరు. కేరల్ గారి మనవరాలికి వచ్చే నెల కాన్పు. ఈలోపే పుట్టింటివాళ్ల ఊరెళ్లి పెద్దవాళ్ల సమాధులు చూసి, ఆ పేరుకి వీడ్కోలు చెప్పి వస్తానన్నారు కేరల్ గారు. ఆమె హైవే మీద డ్రైవ్ చేయడం మానేశారు గనుక నేను తీసుకెళ్తానన్నాను. ఎవరూ అడక్కుండానే అమ్మ పులిహోర కట్టింది.

శనివారం ఉదయం ఏడింటికి బయల్దేరి ఐ-20 హైవే మీద తూర్పుకి వెళ్లాం. టైలర్ అనే ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా పైన్ చెట్లే. రెండున్నర గంటల ప్రయాణం, రానూపోనూ పెట్రోల్ నలభై డాలర్లలోపే. ఆ ఊరి చర్చి వెనక శ్మశానం గేటు తీసే ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

కేరల్ గారు తమవాళ్ల సమాధుల మీద పూలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. అమ్మ మాత్రం ఒకచోట కుదురుగా నిలబడే మనిషి కాదు. కంచె దాకా వెళ్లి అక్కణ్నుంచి పిలిచింది.

"ఇక్కడింకో థ్రెల్‌కెల్డ్ ఉన్నాడు, రా. ఈయనకి పూలు పెట్టలేదేంటి?"

రాయి మీద థ్రెల్‌కెల్డ్ జేమ్స్ బేకర్ అని ఉంది. వీళ్లకి ఇంటిపేరు చివర వస్తుందమ్మా, ఈయన బేకర్ అని నేను పాఠం మొదలుపెట్టాను. ఎదురుగా ఇంటిపేరు ముందే చెక్కి ఉంటే ఇంకా చివరిదాకా చదవడం ఎందుకని నన్నే కసిరింది. కేరల్ గారు వచ్చి, పక్కనున్న ఆయన తల్లి రాయి దగ్గర ఆగిపోయారు. ఆవిడ పుట్టింటి పేరు థ్రెల్‌కెల్డ్ అని దానిమీద ఉంది. తాతగారికి ఒక అక్క ఉండేదని కేరల్ గారు విన్నారు గానీ, పెళ్లయి ఏ ఇంటికి వెళ్లిందో ఎవరూ చెప్పలేదట. బేకర్లు వేరే వాళ్లనుకుని ఇన్నేళ్లూ ఆ వరస వైపే వెళ్లలేదు. తల్లి పుట్టింటి పేరుని కొడుక్కి పేరుగా పెట్టడం ఇటువైపు పాత అలవాటేనని, తమ ఇంట్లోనూ జరిగిందని ఇప్పుడే తెలిసిందని అన్నారు.

మధ్యాహ్నం ఊళ్లోని బార్బెక్యూ హోటల్‌లో కూర్చున్నాం. వడ్డించే ఆవిడ అమ్మ పులిహోర రుచి చూసి, మేం తీసుకున్న మొక్కజొన్నకి డబ్బులు వద్దంది. కేరల్ గారు మనవరాలికి ఫోన్ చేసి జరిగింది చెప్పి, బిడ్డకి థ్రెల్‌కెల్డ్ అన్న పేరు కలుపుతావా అని మొహమాటపడుతూనే అడిగారు. పుట్టబోయేది అమ్మాయి కదా, బావుంటుందా అని ఆ పిల్ల సందేహించింది. నేను అమ్మకి తెలుగులో చెప్పాను.

"ఆడపిల్ల పెట్టబట్టే కదే, ఆ పేరు ఇంకో ఇంట్లో బతికింది. పెట్టుకోమను."

అదే మాట ఇంగ్లిష్‌లో చెప్పాను. మిడిల్ నేమ్ అదే, ఖాయం అంది మనవరాలు. కేరల్ గారు కళ్లు తుడుచుకుని ఇంకాస్త పులిహోర వేయించుకున్నారు.

తిరిగొస్తుంటే వెనక సీట్లో ఇద్దరూ నిద్రపోయారు. నాకు హాయిగా అనిపించింది. మా ఇంట్లో అమ్మ పుట్టింటి పేరు ఎవరికీ లేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. పాత పేర్లు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఆ ఇంటి ఆడపిల్లలు ఏ ఇళ్లకి వెళ్లారో ముందే కనుక్కుని వెళ్లండి. సగం చుట్టాలు అక్కడే ఉంటారు.