బీరపందిరి ముందు కుర్చీలు

టెక్సస్‌లోని ప్లేనోలో, మా వంటింట్లో బీరతొక్కలు నూనెలో వేగుతుంటే వచ్చే ఆ పచ్చి వాసనకి అందరికీ ఏ గోదావరి ఊరో గుర్తొస్తుందేమో. నాకు మాత్రం నేను పెరిగిన కనెటికట్‌లోని చిన్న ఊరు గుర్తొస్తుంది.

డెబ్బైల చివర ఆ ఊరిని చూస్తే, ఇంగ్లండ్ నుంచి ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి పెట్టారా అనిపించేది. తెల్లని చెక్క ఇళ్లు, గంట గంటకీ మోగే చర్చి, జూన్‌లో స్ట్రాబెర్రీ కేకుల వాసన, సాయంత్రం నాలుగింటికి పింగాణీ కప్పుల్లో టీ, పోస్టాఫీసుకి కూడా టోపీ పెట్టుకుని వెళ్లే ముసలమ్మలు. ఎవరూ గొంతెత్తి మాట్లాడేవారు కాదు. మా పోపు ఘాటు వీధి చివరిదాకా వెళ్లినా ఒక్కరూ ఏమీ అనలేదు. అది వాళ్ల మర్యాద అనేది అమ్మ.

ఆ ఊళ్లో ఏటా ఆగస్టులో ఒక శనివారం, తోటల సంఘం వాళ్లు గేటుకి నీలం రిబ్బను కట్టిన ఇళ్ల ముందు తోటల్ని జనం నడుస్తూ చూసేవారు. నిలబడి చూడాలి, మెల్లిగా మెచ్చుకోవాలి, వెళ్లిపోవాలి. కూర్చోవడం, తినడం లేవు. మాకు మాత్రం ఏళ్ల తరబడి రిబ్బను రాలేదు. మా పెరడంతా మేపుల్ చెట్ల నీడ కాబట్టి అమ్మ ఇంటి ముందే, అందరూ రోజాలు పెంచేచోట, బీరపాదు పెట్టింది. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర కాగితం కప్పుల్లో మొలిపించి, నాన్న కొట్టిన కర్రల పందిరికి పాకించేది.

ఒక ఏడాది తోటల సంఘం పెద్ద హార్డింగ్ గారు వచ్చి, ఆ ఒక్క రోజుకి పందిరి తీయడం కుదురుతుందా అని ఎంతో మెత్తగా అడిగారు. ఆవిడ వెళ్లాక నాన్న, “ఒక్కరోజే కదా, తీసేద్దాం” అన్నాడు.

“తీస్తే పాదు చస్తుంది. వాళ్ల రోజాలు పీకమని నేనడిగానా?” అంది అమ్మ. తర్వాత కాస్త తగ్గి, “ఆ రోజు ఎవరైనా మొహం చిట్లిస్తే మర్నాడే నా చేత్తో పీకేస్తాను” అంది. అమ్మ అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయం పట్టుకుంది.

ఆ శనివారం మధ్యాహ్నం మొగ్గలన్నీ ముడుచుకునే ఉన్నాయి. వీధి చివరి ఇల్లు మాదే కావడంతో, రిబ్బను లేకపోయినా జనం గేటుదాకా వచ్చి, ఆకుల గుబురు చూసి, చిన్నగా నవ్వి, వెనక్కి తిరుగుతున్నారు. అమ్మ చూసింది, చూసింది, లోపలికెళ్లి భోజనాల బల్ల కుర్చీలు పచ్చిక మీదకి ఈడ్చుకొచ్చింది. తర్వాత సోఫా కూడా. స్టీలు గ్లాసుల్లో అల్లం టీ, పళ్లెం నిండా చెక్కలు. నాన్న తల పట్టుకున్నాడు.

“ఇంటికొచ్చినవాళ్లు నిలబడి వెళ్తారా ఏంటి?” అని, గేటుదాకా వచ్చిన హార్డింగ్ గారి భుజం పట్టి మరీ కూర్చోబెట్టింది. “సిట్, సిట్. ఫ్లవర్స్ కమింగ్” అంది తన ఇంగ్లీషులో. మర్యాద తెలిసినవాళ్లు కదా, కాదనలేక కూర్చున్నారు. ఆవిడ కూర్చుంటే మిగతావాళ్లూ కూర్చున్నారు. చెక్కల కారానికి ముక్కులు ఎర్రబడ్డాయి, అయినా పళ్లెం ఖాళీ అయింది.

ఎండ చర్చి వెనక్కి వాలింది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుందని అమ్మకి తెలుసు, అక్కడ ఇంకెవరికీ తెలియదు. ముందొకటి విప్పుకుంది. చూస్తుండగానే పందిరంతా పసుపు పచ్చగా తెరుచుకుంది. హార్డింగ్ గారు చేతి తొడుగు తీసి ఒక పువ్వుని వేలితో తాకి, “ఇదొకటి తీసుకోవచ్చా?” అని అడిగారు. అమ్మ ఆ పిందె పువ్వుని వదిలి, పక్కనే ఉన్న, కాయ కాయని మగపువ్వు కోసి ఇచ్చింది. ఎంత సంబరమైనా కూర పోగొట్టుకోదు మా అమ్మ. నాకు ఆ రోజు అమ్మ కూతురిగా నిలబడటం ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

మరుసటి ఏడాది మా గేటుకి నీలం రిబ్బను కట్టడానికి హార్డింగ్ గారే స్వయంగా వచ్చారు.

ఈ మధ్య వెళ్లి చూశాను. పందిరి ఉన్నచోట రెండు కార్లు పట్టే గరాజ్ వచ్చింది. తోటల నడక ఆగిపోయి చాలాకాలమైందట. హార్డింగ్ గారూ లేరు, అమ్మా లేదు. ఇక్కడ ప్లేనోలో మా వీధిలో పొరుగువాళ్లు కార్‌లోంచి చెయ్యూపి గరాజ్ తలుపు దించేసుకుంటారు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఊరి మాటొస్తే చాలు, నడుం నిటారుగా పెట్టి ఒకటే అనేది: “వాళ్ల తోటలన్నీ నిలబడి చూశారే. మన ఇంటి ముందు కూర్చున్నారు.”