వీరన్నకు మూడో బోరు

ఆ రోజుల్లో మనుషులకు తీరిక ఎక్కువగా ఉండేదని అందరూ అంటుంటారు. నాకు గుర్తున్నంతవరకు మాకు ఎక్కువగా ఉన్నది కరెంటు కోత. ఫ్యాను ఆగిపోయిన స్టాఫ్‌రూములో ఎంతసేపని పేపర్లు దిద్దుతాం? ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొగం చూస్తాం, మాట కలుస్తుంది, మాట కలిస్తే ఆట పుడుతుంది. అలా పుట్టిన ఒక ఆట గురించి, ఆ ఆటలో నాకు జరిగిన అన్యాయం గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. జరిగినవి నేనంత సులభంగా మరిచిపోనని మా ఇంట్లో పేరు. నిజమే. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో నన్ను మూడో బంతిలో కూర్చోబెట్టారు, అప్పటికి ఓళిగలు అయిపోయాయి. ఆ పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నేను ఆ ఇంట్లో ఇంతవరకు ఓళిగ ముట్టుకోలేదు. (వాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలియకపోవడం ఇంకో తప్పు.)

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కొత్తచెరువులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరును. నాతోపాటు హిందీ టీచరక్క, లెక్కల సారు. లెక్కల సారుకు బెంగళూరులో మేనమామ కొడుకు ఒకడు ఉండేవాడు, అతని దగ్గర నుంచి ఒక జిరాక్సు పుస్తకం తెచ్చాడు. అందులో ఉన్నది బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. ఒకరు ఆట నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోతారు. కొండ ఎక్కుతున్నానంటే ఎక్కినట్టే, కానీ ఎక్కగలిగారా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్పాలి. అలాంటి పాచిక ధర్మవరంలోనూ దొరకలేదు, అనంతపురంలోనూ దొరకలేదు. అందుకని ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి, ఖాళీ చాక్‌పీసుల డబ్బాలో వేసి ఊపి తీసేవాళ్ళం.

పుస్తకంలో ఉన్న వీరులు మాకు నచ్చలేదు. అందరూ మంచుకొండల మనుషులు, చెవులు కూడా మనలా ఉండేవి కావు. ‘మన కథల్లో మనుషులు లేరా?’ అని నేనే పూనుకున్నాను. మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. పొట్లాలు కట్టడానికి పాత వారపత్రికలు కిలోల లెక్కన కొనేవాడు. నా చదువంతా ఆ కట్టల మీదే. ఏ సీరియలుకూ మొదలు ఉండేది కాదు, చివర ఉండేది కాదు. మధ్యలో నాలుగు వారాలు చదివేసరికి ఐదో వారం ఎవరి ఇంటికో కందిపప్పుతో వెళ్ళిపోయేది. అలా సగం సగం తెలిసిన వాళ్ళందరినీ ఒక రెండొందల పేజీల నోటుపుస్తకంలోకి ఎక్కించాను. ఒక్కొక్కరికి బలం ఇంత, తెలివి ఇంత, ఓర్పు ఇంత, అదృష్టం ఇంత అని ఇరవైకి మార్కులు వేశాను. హిందీ టీచరక్క ఒక రాజకుమారిని తీసుకుంది. ఆ రాజకుమారి ఏ అడవికి వెళ్ళినా ముందు పొయ్యి వెలిగించి, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది, ఆ తర్వాతే శత్రువుల సంగతి.

నేను తీసుకున్నది మసిగుడ్డ వీరన్నను. మొగానికి మసిగుడ్డ కట్టుకుని తిరిగే గజదొంగ. అతని తమ్ముణ్ణి ఒక కోటలో బంధించి ఉంచారు. నేను చదివిన చివరి పేజీలో వీరన్న దూరంగా కోట దీపాలు చూసి, గుర్రం దిగుతాడు. తరువాయి భాగం మా నాయన ఎవరికో అరకిలో బెల్లం కట్టి ఇచ్చేశాడు. (ఆ విషయంలో మా నాయనతో వారం మాట్లాడలేదు. ఎనిమిదో తరగతిలో.) వీరన్న కోటకు చేరాడా, తమ్ముణ్ణి విడిపించాడా? నాకు తెలియదు. ఆ పత్రిక మళ్ళీ దొరకలేదు. అందుకే ఈ ఆట నాకు దక్కిన వరంలా అనిపించింది. పొట్లం కట్టేసిన కథను నా చేతులతో నేనే నడిపించుకోవచ్చు. పద్నాలుగు పేజీలు రాశాను అతని గురించి. మా అన్నయ్య పెళ్లిచూపులకు కూడా మా ఇంట్లో అన్ని వివరాలు సేకరించలేదు.

కోటకు మూడు రోజుల దారి. మంచుకొండలు తీసేసి, ఆట నడిపే లెక్కల సారు మనకు తెలిసిన నేల పెట్టాడు: గుట్టలు, ఎండిన వేరుశెనగ చేలు, ఎలుగుబంట్లు. పుస్తకంలో నీళ్ళకు ఒక చిన్న నియమం ఉండేది. దారిలో నీళ్ళు అయిపోతే వెతకాలి, చీటీలో పదిహేను దాటితే దొరికినట్టు. బెంగళూరులో ఆడేవాళ్ళు ఆ నియమాన్ని కనీసం చదివి కూడా ఉండరు. మేం మాత్రం అక్కడే దిగబడ్డాం. మూడు శనివారాలు ఎలుగుబంటి జోలికి పోకుండా నీళ్ళ గురించే మాట్లాడాం. రాజకుమారి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళ పాయింటు చూసింది. కాయ నిలబడిన చోట వీరన్న తన వెండి కత్తి అమ్మి బోరు లారీని పిలిపించాడు. (గజదొంగల కాలంలో బోరు లారీ ఎక్కడిదని మాకెవరికీ తోచలేదు.) మొదటి బోరుకు తొమ్మిది వచ్చింది. దుమ్ము. రెండోదానికి ఏడు. మళ్ళీ దుమ్ము. నేను మూడో చీటీ కోసం డబ్బాలో చెయ్యి పెట్టబోతుంటే లెక్కల సారు డబ్బా మీద అరచెయ్యి మూసేశాడు.

“సాలు టీచర్. వీరన్న పోయినాడు. దప్పికతో.”

నేను నమ్మలేదు. ఆయన నోటుపుస్తకం లాక్కుని, నా పద్నాలుగు పేజీల మీద అడ్డంగా ఎర్ర ఇంకుతో ‘మృతి - దాహం’ అని రాశాడు. బాగా రాని పిల్లల పేపర్ల మీద కూడా అంత పెద్ద అక్షరాలు ఎప్పుడూ వేయలేదు. హిందీ టీచరక్క ఇంకోసారి ఇవ్వమని బతిమాలింది. ఆయన సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ రాత్రి జిరాక్సు పుస్తకం అంతా వెతికితే నలభై ఒకటో పేజీ అడుగున కనిపించింది: నీళ్ళు వెతకడానికి మూడు అవకాశాలు. రెండు కాదు, మూడు.

సోమవారం పొద్దున హెడ్‌మాస్టరు గారికి రెండు పేజీల ఫిర్యాదు ఇచ్చాను. ఆయన మొదటి వాక్యం చదివి కుర్చీలోంచి లేచారు. ‘లెక్కల ఉపాధ్యాయులు వీరన్నను అన్యాయంగా చంపినారు’ అన్నది ఆ వాక్యం. ఏ వీరన్న, ఏ తరగతి, వాళ్ళ నాయన ఎవరు, పోలీసులకు తెలుసా అని వరసగా అడిగారు. వీరన్న నిజంగా లేడని, కానీ చంపడం మాత్రం నిజమని విడమరిచి చెప్పడానికి నాకు ఒక పీరియడంతా పట్టింది. అంతా విన్నాక ఆయనకు అర్థమైంది ఒక్కటే, స్టాఫ్‌రూములో చీటీలాట జరుగుతోందని. చాక్‌పీసుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశారు. జిరాక్సు పుస్తకం మాత్రం సాక్ష్యం కోసం నా దగ్గరే దాచుకున్నాను. ఆ తర్వాత లెక్కల సారుతో నేను మాట్లాడలేదు. ఏడాది చివర ముగ్గురం మూడు చోట్లకు వెళ్ళిపోయాం. ఆట ఆయన వల్లే ఆగిపోయిందని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూ వచ్చాను. బీరువా తాళం ఎవరి ఫిర్యాదు వల్ల పడిందన్నది కథ చెప్పేటప్పుడు ఎందుకో జారిపోయేది.

ఇప్పుడు నేను విడపనకల్లు దగ్గర ప్రభుత్వ బడిలో ఉన్నాను. పోయిన వేసవి సెలవుల్లో ఆ నోటుపుస్తకం మళ్ళీ తెరిచాను. పెద్ద పట్టణాల్లో పెద్దవాళ్ళు కూడా ఇప్పుడు ఇలాంటి ఆటలు ఆడుతున్నారని మా అమ్మాయి చెప్పింది. నాకు ఉక్రోషం వచ్చింది, మేం ఎప్పుడో ఆడాం కదా. పాత పాత్రలను ఒక్కొక్కరిని తీసి మార్కులు సరిచేసి కొత్త పుస్తకంలోకి ఎక్కించసాగాను. చదివింది కొంచెమే అయినా వాళ్ళందరూ బంధువుల్లా గుర్తున్నారు. పదకొండు మంది అయ్యారు. పన్నెండో వాడు వీరన్న. ఎర్ర అక్షరాలు కొద్దిగా వెలిశాయి కానీ పోలేదు. వాటిని దాటి ఒక్క ముక్క రాయలేకపోయాను. చనిపోయినవాణ్ణి కొత్త పుస్తకంలోకి ఎలా ఎక్కిస్తాం? చంపినవాళ్ళే తీర్పు మార్చుకోవాలి. హిందీ టీచరక్కకు ఫోన్ చేసి లెక్కల సారు నంబరు తీసుకున్నాను.

బాగున్నారా అని కూడా అడగకుండా నలభై ఒకటో పేజీ చదివి వినిపించాను. అవతల నుంచి ఒక పెద్ద నవ్వు.

“సోషల్ టీచరా? ఇంకా మరిసిపోలేదా తల్లీ మీరు?”

ఆదివారం బుక్కరాయసముద్రంలో హిందీ టీచరక్క ఇంట్లో కలుద్దామనుకున్నాం. నేను ఉరవకొండ మీదుగా రెండు బస్సులు మారి, కొత్తగా రాసిన ఇరవై చీటీలతో వెళ్ళాను. అక్క జుట్టు తెల్లబడింది, ఉగ్గాని మాత్రం అదే రుచి. లెక్కల సారుకు పొట్ట వచ్చింది, కళ్ళజోడు వచ్చింది. నేను జిరాక్సు పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ పేజీని నిదానంగా, పిల్లల లెక్క సరిచూసినట్టు చదివాడు.

“కరెక్టే టీచర్. మూడోది ఇయ్యాల్సింది.”

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అంత తేలిగ్గా వచ్చేసింది. మరి ఎందుకు ఇవ్వలేదని అడిగాను.

“ఆ వారమే మా చేన్లో రెండో బోరు గూడా ఉత్తదే అయింది. మూడోది ఏపిస్తానని నాయన ఒకటే పట్టు. వద్దు నాయనా, సాలు అని పొద్దున్నే నేను కొట్లాడి వచ్చినా. అదే నోటితో మీ వీరన్నకు మూడోది ఏసుకోమని ఎట్ల చెప్పేది?”

అక్క గ్లాసుల్లో కాఫీ పోసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పోనీ ఇప్పుడు నీళ్ళు పడినాయని రాసుకోండి టీచర్, చీటీ అక్కర్లేదు అన్నాడు. అక్కడ తలూపి ఉంటే వీరన్న ఆ సాయంత్రానికి కోటలో ఉండేవాడు. కానీ నేను న్యాయం అడగడానికి వచ్చాను, దయ అడగడానికి కాదని అన్నాను. (అన్నానా? అన్నాను. అక్క సాక్ష్యం.) ఖాళీ డబ్బాలో చీటీలు ఊపి ఒకటి తీశాను.

నాలుగు.

మళ్ళీ దుమ్ము. “ఏం పాపా, తలకాయ ఊపింటే నీ సొమ్మేం పోతాండె?” అంది అక్క. ఏమీ పోయేది కాదు. పద్నాలుగు పేజీల మనిషి నా పంతం వల్ల రెండోసారి పోయాడు, ఈసారి నియమం ప్రకారం. కోట తలుపుల వెనక ఏముందో ఇక నాకు తెలియదు. అయినా వీరన్న పేరు కొత్త పుస్తకంలో ఎక్కించాను, కోట కనిపించే చోటు దాకా.

సాయంత్రం లెక్కల సారు నన్ను ఆటో దాకా సాగనంపడానికి వచ్చాడు. చెరువు మీద నుంచి గాలి వస్తోంది. ఆటో ఎక్కబోతూ అడిగాను, వాళ్ళ నాయన ఇంతకూ మూడో బోరు వేయించాడా అని.

“ఏపించినాడు. నా మాట యాడ ఇంటాడు? పడింది టీచర్. రెండించుల నీళ్ళు. మూడేండ్లు ఇచ్చింది.” ఆయన నవ్వాడు. “అది పడిన పొద్దు సైకిలు తొక్కుకుంటా బడికి వచ్చినా. మీ వీరన్నకు నీళ్ళు పడినాయని చెప్దామని. మీరు స్టాఫ్‌రూము వరండాలో నన్ను చూస్తానే మొగం తిప్పుకొని పోయినారు.”

ఆటో కదిలింది. ఆ వరండా నాకు బాగా గుర్తుంది. మోచేతి దాకా చాక్‌పీసు దుమ్ముతో, సంచి భుజాన వేసుకుని, తల ఎత్తుకుని నడిచి వెళ్ళిపోతున్న ఆ ఇరవై మూడేళ్ళ సోషల్ టీచరు కూడా గుర్తుంది. ఒక్క నిమిషం ఆగమ్మా, ఆయన ఏదో చెప్పడానికి వచ్చాడు అని వెనక నుంచి కేక వేయాలనిపించింది. నవ్వొచ్చింది. వేసినా ఆగే రకం కాదు ఆ పిల్ల.