ముప్ఫయ్యో ముడి

ఆసుపత్రిలో అందరూ ఆమెను బైండరమ్మ అనే పిలుస్తారు. చిరిగిన కేసు ఫైళ్ళకు అట్టలు వేసి కుట్టడం ఆమె పని. చదువు ఐదో తరగతితోనే ఆగింది. అయినా కుట్టేముందు ప్రతి కాగితమూ చదివే అలవాటు ఉండటంతో, ఇరవై ఏళ్ళలో జబ్బుల పేర్లన్నీ కంఠతా వచ్చేశాయి.

ఒకరోజు పిల్లల నరాల డాక్టరమ్మ మొహం వేలాడేసుకుని రికార్డుల గదికి వచ్చింది.

"ప్రతి గురువారం ఆ అరుదైన జబ్బు పిల్లల్ని చూసే మన క్లినిక్ మూసేస్తారట. ఐదేళ్ళలో ముప్ఫై మందైనా లేనిదే ఉంచనంటున్నారు ఆసుపత్రి పెద్దసారు. కంప్యూటర్‌లో తొమ్మిది మందే ఉన్నారు."

"ఆ కంప్యూటర్ ఎప్పుడైనా కంటి వార్డు బీరువా తెరిచిందా?" అంది బైండరమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ క్లినిక్ చూసేది నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. ఒక పిల్లకు చూపు మసకబారుతుంది, ఇంకో పిల్లాడికి కాళ్ళు చచ్చుబడతాయి. చూపు పోయినవాళ్ళు కంటి వార్డుకి, నడవలేనివాళ్ళు ఎముకల వార్డుకి చేరతారు. కంప్యూటర్ లెక్కపెట్టింది మాత్రం పిల్లల వార్డొక్కటే.

ఇద్దరూ పన్నెండు రోజులు తాళం దొరికిన బీరువాలన్నీ గాలించారు. బైండరమ్మ ఫైలు తీస్తే డాక్టరమ్మ చదివి ఔననో కాదనో తేల్చేది. ఔనన్నదానికల్లా ఎర్రదారంతో ఒక ముడి. ముప్ఫయ్యో ముడి పడగానే డాక్టరమ్మ చిన్నపిల్లలా గంతేసింది.

ఆ ఫైళ్ళకు కొత్త అట్టలు వేస్తుంటే బైండరమ్మ చెయ్యి ఆగిపోయింది. కంటి వార్డు ఫైల్లో ఒక పాప, రెండేళ్ళ తర్వాత ఎముకల వార్డు ఫైల్లో ఇంకో పాప. పేర్లు వేరు. పుట్టిన తేదీ ఒకటే, ఇంటి నంబరూ ఒకటే. మొదటిసారి అమ్మమ్మ తీసుకొచ్చి ముద్దుపేరు రాయించింది. రెండోసారి అమ్మ వచ్చి బడిపేరు చెప్పింది.

"అయ్యో! చూడనట్టే ఉండండమ్మా," అంది డాక్టరమ్మ. "ఒక్క పాప కోసం క్లినిక్ పోతుంది."

"ఒక్కటి తప్పని తేలిందా, మిగతావన్నీ చెత్తబుట్టలోకే. లేని పాపని నేను పుట్టించను డాక్టరమ్మా. ఉన్నవాళ్ళలో ఒక్కరినీ వదలను."

ముప్ఫయ్యో ముడి విప్పేసింది. రెండు ఫైళ్ళనూ కలిపి ఒకే అట్టలో కుట్టింది.

మర్నాడు ఇరవై తొమ్మిది ఫైళ్ళు పెద్దసారు బల్ల మీద దబ్బుమని దించింది.

"ఒకటి తగ్గిందిగా," అన్నాడాయన.

"తగ్గలేదు సార్, నేనే తీసేశాను. అందులో ఒకే పాప రెండుసార్లు పడింది." రెండు ఫైళ్ళు కలిపి కుట్టిన అట్టను ముందుకు తోసింది. "మొదటిసారి చూపు మసకేసింది. అప్పుడే గురువారం క్లినిక్‌కి పంపుంటే, రెండోసారి ఎముకల వార్డులో పది రోజులు ఊరికే పడుకునేది కాదు. లెక్క తప్పయితే చూపించండి. కాకపోతే ఏ పిల్లని ఇంటికి పంపాలో మీరే వేలు పెట్టి చెప్పండి."

"నువ్వు బైండరువా, వకీలువా?"

"కుట్టేదాన్ని సార్. ఊడితే ఊరుకోను."

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. ఆయన మొదటి ఫైలు తెరిచాడు. ఆరో ఫైలు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత కాగితం లాక్కుని, 'ఒక ఏడాది' అని రాసి సంతకం పెట్టాడు.

"ఏడాదేనమ్మా."

"చాలు సార్. ఎముకల వార్డులో ఇంకో బీరువా ఉంది, తాళం ఇప్పించండి."