మూడు కంప్యూటర్ల గొడుగవ్వ

ఆ భవనంలో అందరూ ఆమెను ఆటలావిడ అనేవాళ్ళు. ఆటలాడే ఆవిడ అని కాదు, ఆటలు తయారుచేసే ఆవిడ అని. పగలంతా ఫొటో స్టూడియోలో జనం మొహాల మీది మొటిమలు చెరిపేది, బట్టతలల మీద మెరుపు తగ్గించేది. సాయంత్రం ఇంటికొచ్చి, భోజనాల బల్లకు ఒక చివర కంప్యూటర్ పెట్టుకుని తన ఆట ముందు కూర్చునేది. ఒకటే ఆట, నాలుగేళ్ళుగా. "ఇంకా అవలేదా?" అని అడిగినవాళ్ళ మీద ఒంటికాలి మీద లేచేది. ఆ కోపంలో న్యాయముంది. బొమ్మలు ఆవిడే వెయ్యాలి, అవి కదిలే తీరు ఆవిడే రాయాలి, ఆఖరికి కోడి అరుపులు కూడా ఆవిడే తలుపు గడియపెట్టుకుని సొంత గొంతుతో అరిచి రికార్డు చేసుకోవాలి. అలాంటి పని అంత తొందరగా తెమలదు.

ఆట పేరు గొడుగవ్వ. ఒక అవ్వ పెంచుకున్న కోడి తప్పించుకుని ఇళ్ళ కప్పుల మీదికి ఎగిరిపోతుంది. అవ్వ గొడుగు పట్టుకుని ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకుతూ దాన్ని తరమాలి. సరైన క్షణంలో గొడుగు తెరిస్తే గాలి మోసుకుపోతుంది. ఆలస్యమైతే అవ్వ వెళ్ళి ఎవరింటి బట్టల తీగ మీదో పడుతుంది. ఇంతే ఆట. వినడానికి ఇంతే గానీ, ఒకసారి మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవబుద్ధి కాదు.

ఈ ఆటలో ఆరితేరిన మనిషి లోకం మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆటలావిడ అత్తగారు.

అత్తగారి చేతిలో ఉన్నది కొడుకు వాడి వదిలేసిన పాత లాప్‌టాప్. ముక్కుతూ మూలుగుతూ నడిచే ఆ యంత్రం మీద కోడలు విండోస్‌కి బదులు లినక్స్ ఎక్కించింది. పైసా ఖర్చు లేకుండా దొరికేదీ, పాత యంత్రాలకు కూడా ఇంకొన్నాళ్ళు ఆయుష్షు పోసేదీ అదే కదా. కోడలి సొంత లాప్‌టాప్‌లో విండోస్ ఉంది. స్టూడియో యజమాని దగ్గర మ్యాక్ ఉంది. మూడింటి మీదా ఆట నడవాలని ఆటలావిడ పట్టుదల. కోడలు తన కంప్యూటర్లో ఆడితే నాలుగో కప్పు దగ్గర పడిపోయేది. స్టూడియో యజమాని మూడో కప్పు దగ్గరే చేతులెత్తేశాడు. అత్తగారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, ఒక వేలితో మీటలు నొక్కుతూ, చివరి కప్పు దాకా వెళ్ళి కోడిని చంకన పెట్టుకుని వచ్చేవారు. పక్కింటివాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు. చాంపియన్ అని పేరు పెట్టేశారు. పెద్దావిడ ఆ పేరుని వద్దనలేదు.

"అమ్మాయ్, ఇది మరీ చిన్నపిల్లల ఆటలా ఉంది. కాస్త కష్టం పెట్టు," అనేవారు.

కోడలు కప్పుల మధ్య దూరం పెంచేది. అత్తగారు గెలిచేవారు. గాలి పెంచేది. అత్తగారు మళ్ళీ గెలిచేవారు. తన చేతులే మొద్దుచేతులని కోడలు నమ్మేసి, అత్తగారి చేతివాటాన్నే కొలతగా పెట్టుకుని ఆట మొత్తం బిగించింది. నాలుగేళ్ళలో జరిగిన అసలు పొరపాటు అదే. అప్పటికి దాన్నెవరూ పొరపాటు అనుకోలేదు.

అలా ఉండగా ఒక పొద్దున కబురొచ్చింది. కబురంటే మామూలు కబురా! స్టూడియోలో ఒక పెళ్ళికొడుకు చెవులు సరిచేస్తూ సరిచేస్తూ ఆ సందేశం చదివిన ఆటలావిడ, అతనికి ఒక చెవి పూర్తిగా చెరిపేసింది. తను ఎప్పుడో బొమ్మలు పంపి మరిచిపోయిన ఆటల బండిల్ వాళ్ళు తన గొడుగవ్వను తీసుకుంటామంటున్నారు. ఏదో ఆట చివరి నిమిషంలో తప్పుకుందట, ఆ చోటు ఖాళీగా ఉందట. బండిల్ తెరిచేది ఈ శనివారమేనట.

ఇంటికొచ్చి భర్తకు చెప్పేటప్పటికి ఆవిడ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. భర్తకు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. ఏదైనా రెండుసార్లు కొలిస్తే గానీ నమ్మడు.

"బండిల్ అంటే?"

"పెద్ద కంపెనీలు కాదండీ, నాలాంటివాళ్ళు ఇంట్లో కూర్చుని చేసుకున్న ఆటలు ఏడెనిమిది కలిపి ఒక మూటగా అమ్ముతారు. ధర కొనేవాళ్ళ ఇష్టం. ఎంత తోస్తే అంత. అందులో ఎంత మాకు, ఎంత పిల్లల ఆసుపత్రికి అన్నది కూడా వాళ్ళే చెబుతారు."

"ఎంత తోస్తే అంతా? మా దుకాణంలో అలా పెడితే సాయంత్రానికి గుమ్మం మీది బోర్డు కూడా మిగలదు."

"మీ దుకాణంలో మిగలదేమో. ఆటలవాళ్ళు అలా కాదు," అంది ఆటలావిడ. "ఒక్కటే షరతు. ప్రతి ఆటా మూడింటి మీదా నడవాలి. విండోస్, మ్యాక్, లినక్స్. ఒకదాని మీద నడవకపోయినా తీసి పక్కన పెడతారు. మనది మూడింటి మీదా నడుస్తుందిగా!"

మూడింటికీ తగ్గ మూడు రూపాల్నీ పంపింది. రాత్రంతా నవ్వుతూనే నిద్రపోయిందని భర్త తర్వాత చెప్పాడు.

గురువారం పొద్దున బండిల్ ఆవిడ ఫోన్ చేసింది. ఆటల్ని పరీక్ష చేసి మూట కట్టేది ఆవిడే. గొంతు స్నేహంగానే ఉంది.

"బొమ్మలు చూసి మావాళ్ళందరూ పడిపోయారండీ. కానీ ఒక చిక్కు. ఇక్కడ ఒక్కరు కూడా మొదటి కప్పు దాటలేదు. అవ్వ అసలు కనబడటం లేదు. మీట నొక్కగానే తుపాకీ గుండులా పోతోంది."

"మూడింటి మీదానా?"

"మూడింటి మీదా. మావన్నీ కొత్త యంత్రాలు. రేపు సాయంత్రంలోగా సరిచేసి పంపగలరా? లేకపోతే మీ చోటు వేరే ఆటకి ఇవ్వాల్సి వస్తుంది. నాకు ఇష్టం లేకపోయినా."

ఆటలావిడ స్టూడియోకి సెలవు చెప్పి, అత్తగారు స్నానానికి వెళ్ళిన సమయం చూసి ఆ పాత లాప్‌టాప్‌ని తెచ్చి తన కంప్యూటర్ పక్కన పెట్టింది. రెండింటి మీదా ఒకేసారి మీట నొక్కింది. ఇక్కడ అవ్వ మూడో ఇంటి కప్పు మీద ఉంది. అక్కడ అవ్వ ఇంకా తీరిగ్గా గొడుగు తెరుస్తోంది.

అంతే, విషయం బోధపడింది. ఆట అంటే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి గీసే బొమ్మలు. ఒక బొమ్మ గీసినప్పుడల్లా అవ్వ ఒక అడుగు వెయ్యాలని ఆవిడ నాలుగేళ్ళ కిందట రాసుకుంది. చురుకైన యంత్రం గబగబా గీస్తుంది, అవ్వ గబగబా పరుగెడుతుంది. పాత యంత్రం నీరసంగా గీస్తుంది, అవ్వ షికారుకొచ్చినట్టు నడుస్తుంది. అత్తగారి చేతివాటం అత్తగారిది కాదు, ఆ ముసలి లాప్‌టాప్‌ది. ఆ నడకకి సరిపెట్టి బిగించిన ఆటని లోకం మీదికి వదలబోయింది తను.

తల బాదుకోవడానికి కూడా తీరిక లేదు. అవ్వ అడుగుని బొమ్మలతో కాక గడియారంతో ముడిపెట్టాలి. యంత్రం ఎంత వేగంగా గీసినా, ఎంత నిదానంగా గీసినా, ఒక క్షణంలో అవ్వ నడిచే దూరం ఒకటే ఉండాలి. చెప్పడానికి ఒక్క మాట. మార్చబోతే అవ్వ నడకలో, గాలిలో, కోడి రెక్కల్లో, అన్నిచోట్లా పాత లెక్కే దాగి ఉంది. ఒకటి సర్దితే కోడి గోడలోంచి దూరిపోయింది. ఇంకోటి సర్దితే అవ్వ కిందికి పడకుండా పైకి పడింది. ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నానికి మూడు రూపాలూ సిద్ధం చేసి, లాప్‌టాప్‌కి మరమ్మతని అత్తగారికి చెప్పి, రెండు యంత్రాల్నీ సంచిలో వేసుకుని స్టూడియోకి పరుగెత్తింది. యజమాని మ్యాక్ పక్కన రెండింటినీ పెట్టి, యజమాని చేత ఒకటి నొక్కిస్తూ, తన రెండు చేతులతో మిగతా రెండూ ఒక్కసారే నొక్కింది.

ముగ్గురు అవ్వలూ ఒకేసారి దూకారు. మూడు గొడుగులూ ఒకేసారి తెరుచుకున్నాయి. మూడు జతల కాళ్ళూ ఒకే కప్పు మీద ఒకేసారి ఆనాయి. ఆటలావిడ వేసిన కేకకి, లోపల ఫొటో కోసం బిగుసుకుని కూర్చున్న పెద్దమనిషి కుర్చీతో సహా ఎగిరిపడ్డాడు.

ఇంటిదారిలో ఆ సంతోషమంతా దిగిపోయింది. అత్తగారికి ఏమని చెప్పాలి? మీరు చాంపియన్ కాదండీ, మీ లాప్‌టాప్ ముసలిదండీ అనా?

"మీ అమ్మగారికి మీరే చెప్పండి," అంది భర్తతో ఫోన్లో. ఆయనకి అప్పుడే దుకాణంలో ఎక్కడలేని పనీ గుర్తొచ్చింది.

చివరికి ఆవిడ ఒక దొంగ ఉపాయం పన్నింది. అత్తగారి కోసం విడిగా ఒక గొడుగవ్వని, పాత నడకతోనే ఉంచి, లాప్‌టాప్‌లో పెట్టేసింది. సాయంత్రం పెద్దావిడ ఎప్పటిలాగే ఆడి, ఎప్పటిలాగే కోడిని పట్టుకున్నారు. బల్లకి ఇవతల కోడలు తన తెర మీద కప్పుల దూరాలు సరిచేసుకుంటోంది. అత్తగారు నీళ్ళ కోసం లేచి, కోడలి వెనక ఆగారు. తెరకేసి చూశారు.

"నీ అవ్వ అంత చలాకీగా ఉందే. నా అవ్వకి ఏమైంది?"

ఇక దాచడం కుదరలేదు. కోడలు మొత్తం చెప్పేసింది, బండిల్ గురించీ, గడియారం గురించీ, ఆ విడి ఆట గురించీ. పెద్దావిడ మొహం చిన్నబోయింది. లాప్‌టాప్ మూసేసి లోపలికెళ్ళిపోయారు. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. కాసేపటికి గదిలోంచి గొంతు వినిపించింది.

"బయటివాళ్ళకి ఏది పంపుతున్నావో, అదే నాకూ పెట్టు."

"కష్టంగా ఉంటుంది అత్తయ్యా."

"నాకు ఇష్టమైనది నన్ను ఓడించినా ఫరవాలేదు. నువ్వు జాలిపడితేనే మంట."

శుక్రవారం ఆ ఇంట్లో జరిగింది చూడాల్సిన ముచ్చట. పాత లాప్‌టాప్ మీద బొమ్మలు తడబడుతున్నా, అవ్వ మాత్రం అందరి అవ్వలాగే పరుగెత్తింది. అత్తగారు పడ్డారు. మళ్ళీ పడ్డారు. పడ్డప్పుడల్లా తీర్పు చెప్పారు. "గొడుగు సమయానికే తెరిచాను, అయినా పడ్డాను. ఇది నీ తప్పు, దగ్గరికి జరుపు." కోడలు జరిపేది. "ఇక్కడ మాత్రం నేనే ఆలస్యం చేశాను. ముట్టుకోకు." కోడలు ముట్టుకునేది కాదు. అంత నిక్కచ్చిగా పడే మనిషి దొరకడం ఏ ఆటకైనా అదృష్టమే. ఒక్కో కప్పూ దాటుతుంటే ఇద్దరూ చిన్నపిల్లల్లా అరిచారు. పొయ్యి వెలిగించడం ఇద్దరికీ గుర్తులేదు. చివరి కప్పు ఒక్కటే అత్తగారికి లొంగలేదు.

"ఇది కూడా కాస్త జరిపేస్తాను అత్తయ్యా. టైమవుతోంది."

"నా వల్ల కాకపోతే ఎవరి వల్లా కాదనా? అది సరిగ్గానే ఉంది. నేనే అందుకోలేకపోతున్నాను. ఉంచు, పంపెయ్."

పంపేసింది. చీకటి పడకముందే బండిల్ ఆవిడ జవాబు వచ్చింది. ఆఫీసులో పని మానేసి అందరూ గొడుగవ్వ చుట్టూ చేరారట. మూడు యంత్రాల మీదా పరీక్ష నెగ్గిందట. ఎవరో ఒకమ్మాయి కోడిని పట్టుకుని బల్లెక్కి కూర్చుందట. చోటు ఖాయం.

శనివారం బండిల్ తెరిచారు. పేజీలో కొన్నవాళ్ళ లెక్క క్షణక్షణానికీ ఎగబాకుతోంది. విండోస్ వాళ్ళు ఎక్కువమంది. లినక్స్ వాళ్ళు పిడికెడుమందే గానీ, మనిషికి అందరికంటే ఎక్కువ ఇస్తున్నది వాళ్ళే. "చూశావా, మా జట్టు!" అని అత్తగారు లాప్‌టాప్ మీద చరిచారు. ఎంత తోస్తే అంతా అని వెక్కిరించిన భర్త సెలవు పెట్టి మరీ కూర్చుని, అంకె మారినప్పుడల్లా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని చూస్తున్నాడు. ఆటలావిడ నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. నాలుగేళ్ళు భోజనాల బల్ల చివర పెరిగిన అవ్వ, మొహం తెలియని వేలమంది ఇళ్ళలో పరుగెడుతోంది.

ఆ సందడిలో అత్తగారు తన బ్యాంకు కార్డు తెచ్చుకున్నారు.

"నాకూ ఒకటి."

"మీకెందుకత్తయ్యా? మీ దగ్గర ఉందిగా!"

"నువ్వు పెట్టింది ఉంది. నేను కొన్నది లేదు. ఎంతిస్తున్నానో చూడకు, మొహం అటు తిప్పుకో."

కొన్నారు. కొన్న ఆటని దించుకుని, కళ్ళద్దాలు సవరించుకుని కూర్చున్నారు. ఒక్కో కప్పూ దాటి చివరిదాకా వెళ్ళి, అక్కడ పడ్డారు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ పడ్డారు. కొడుకు ప్రాణం ఉసూరుమంది.

"అమ్మా, నీ ఒక్కదానికీ కాస్త సులువుగా చేసి పెట్టమని చెప్పనా? దానికెంతసేపు?"

పెద్దావిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

"చేసిందంటే ఊరుకోను. ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ముసలిదాన్ని, నాకిచ్చింది ముసలి లాప్‌టాప్ కాబట్టి గెలిచాను. ఇవాళ డబ్బిచ్చి కొనుక్కున్నాను. అందరితో సమానంగా నన్ను ఓడిపోనీ," అంటూ మళ్ళీ మీట నొక్కారు.